టైరు మీది అంకెలు, డబ్బా మీది అక్షరాలు

విజయవాడ ఆటోనగర్‌లో టైర్ల షాపుకి వెళ్తే ఒక సలహా తప్పకుండా వినపడుతుంది: "ఎలాగూ మారుస్తున్నారు కదా, ఒక సైజు లావుది వేయించుకోండి సార్, గ్రిప్పు బాగుంటుంది." నాలుగడుగులు అవతల ఆయిలు షాపులో ఇంకోటి: "మన ఎండలకి పల్చటి ఆయిలు నిలబడదండీ, చిక్కటిదే పోయించండి." రెండూ వినడానికి సబబుగానే ఉంటాయి. లావు టైరు రోడ్డుని ఎక్కువ పట్టుకుంటుందని, చిక్కటి ఆయిలు ఇంజన్‌ని ఎక్కువ కాపాడుతుందని ఎవరికైనా అనిపిస్తుంది. చెప్పేవాళ్లలో మోసం కూడా ఏమీ ఉండదు, వాళ్ల బండికి వాళ్లూ అదే చేసుకుని ఉంటారు.

చిక్కల్లా భౌతికశాస్త్రంతోనే. కారు బరువుని రోడ్డు మీద మోసేది టైరులోని గాలి. రబ్బరు చేసే పని ఆ గాలిని పట్టి ఉంచడం, రోడ్డుని రాసుకుంటూ నడవడం. ఇంజన్ లోపల గిర్రున తిరిగే క్రాంక్‌షాఫ్ట్‌ని మోసేది ఆయిలు. రెండుచోట్లా బరువు ఆనేది ఒత్తిడి మీదే. ఆ ఒక్క సంగతి పట్టుబడితే టైరు పక్కన అచ్చుగుద్దిన అంకెలూ, ఆయిలు డబ్బా మీది అక్షరాలూ చదవడం పెద్ద పనేమీ కాదు.

ముందు టైరు సంగతి. మనుషులతో కలిపి 1,200 కిలోలుండే ఒక చిన్న కారుని తీసుకుందాం. ఒక్కో చక్రం మీద సుమారు 300 కిలోలు పడుతుంది. టైరులో 32 పీఎస్‌ఐ గాలి ఉందంటే చదరపు సెంటీమీటరుకి 2.25 కిలోల ఒత్తిడి. 300ని 2.25తో భాగిస్తే 133. అంటే రోడ్డుకి ఆనుకునే రబ్బరు 133 చదరపు సెంటీమీటర్లు, ఇంచుమించు అరచేయంత. బ్రేకు వేసినా, మలుపు తిప్పినా, కారు మాట రోడ్డు వినేది ఈ నాలుగు అరచేతుల మేరలోనే.

ఇప్పుడు లావు టైరు వేయించి అదే గాలి కొట్టించారనుకోండి. బరువు మారలేదు, ఒత్తిడి మారలేదు, కాబట్టి వైశాల్యం కూడా పెద్దగా మారదు. రబ్బరు బిగువుని బట్టి కాస్త అటూఇటూ అవుతుందంతే. మారేది దాని ఆకారం: అడ్డంగా వెడల్పవుతుంది, పొడవు తగ్గుతుంది. పొడి రోడ్డు మీద వేగంగా మలుపు తిరిగేటప్పుడు ఆ వెడల్పు ఆకారం పనికొస్తుంది, రేసు కార్లకి లావు టైర్లు ఉండేది అందుకే. వానలో మాత్రం అదే వెడల్పు ఎదురు తిరుగుతుంది. టైరు ముందున్న నీళ్లని పక్కలకి నెట్టేస్తేనే రబ్బరుకి రోడ్డు తగులుతుంది. వెడల్పు పెరిగేకొద్దీ నెట్టాల్సిన నీళ్లూ పెరుగుతాయి.

ఈ నీళ్ల గొడవని గట్టిగా పట్టించుకున్నది మొదట విమానాలవాళ్లు. 1960ల మొదట్లో నాసా లాంగ్లీ పరిశోధన కేంద్రంలో వాల్టర్ హార్న్ బృందం తడి రన్‌వే మీద టైర్లని పరీక్షించింది. ఒక వేగం దాటాక చక్రం కింద నీటి పొర ఒత్తిడి టైరులోని గాలి ఒత్తిడితో సమానమై, టైరు పూర్తిగా నీళ్ల మీదకి లేచిపోతుందని తేలింది. అదే హైడ్రోప్లేనింగ్. ఆ వేగం గాలి ఒత్తిడి వర్గమూలాన్ని బట్టి మారుతుంది. ఆ సూత్రంలో 32 పీఎస్‌ఐ వేస్తే గంటకి సుమారు 94 కిలోమీటర్లు వస్తుంది. 24 వేస్తే 82కి పడిపోతుంది. సూత్రం విమానం టైర్లది, పైగా గాట్లు అరిగిపోయిన టైరుకో, గాట్ల లోతుని మించి నీళ్లు నిలిచిన రోడ్డుకో వర్తించేది. కాబట్టి కారుకి దాన్ని ఉజ్జాయింపుగానే తీసుకోవాలి. అయినా జూలైలో హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీద గుండు టైర్లతో, గాలి తగ్గిన బండిలో వందకి పైగా పోయేవాళ్లు ఈ రెండంకెలూ ఒకసారి చూసుకోవడం మంచిది. కొత్త కారు టైరు గాట్లు మామూలుగా 7, 8 మిల్లీమీటర్ల లోతుంటాయి. చట్టం ప్రకారం కారుకి కనీసం 1.6 మి.మీ. ఉండాలి. దాన్ని కొలవడానికి స్కేలు అక్కర్లేదు. గాట్ల అడుగున అక్కడక్కడా చిన్న రబ్బరు కట్టలుంటాయి, చుట్టూ ఉన్న రబ్బరు అరిగి వాటితో సమానమైతే టైరు పని అయిపోయినట్టే.

ఇక పక్కన రాసి ఉండే అంకెలు. 185/65 ఆర్15 88 హెచ్. ఇందులో 185 టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. 65 అంటే గోడ ఎత్తు ఆ వెడల్పులో 65 శాతమని. ఆర్ అంటే రేడియల్, 15 రిమ్ము వ్యాసం, అంగుళాల్లో. 88 బరువు సూచిక, పట్టికలో దాని విలువ 560 కిలోలు. హెచ్ అంటే గంటకి 210 కిలోమీటర్ల వేగానికి తట్టుకుంటుందని. ఒకే పద్ధతిలో మూడు రకాల కొలతలు కలిపి రాయడం ఎవరి బుర్రలో పుట్టిందో గానీ, ప్రపంచమంతా అలాగే నడుస్తోంది.

ఈ అంకెలతో ఒక చిన్న లెక్క వేసి చూడండి. 2018లో వచ్చిన మారుతి స్విఫ్ట్‌లో కింది మోడళ్లకి 165/80 ఆర్14, పై మోడళ్లకి 185/65 ఆర్15 టైర్లిచ్చారు. మొదటిదాని మొత్తం ఎత్తు: రిమ్ము 355.6 మి.మీ., పైనా కిందా రెండు గోడలు కలిపి 264, వెరసి 619.6. రెండోది: 381కి 240.5 కలిపితే 621.5. తేడా రెండు మిల్లీమీటర్లు కూడా లేదు. రిమ్ము పెరిగిన మేరకి గోడ తగ్గించి కంపెనీ చక్రం ఎత్తుని కదలనివ్వలేదు. దానికి కారణం ఉంది. స్పీడోమీటరు, గేర్లు, ఏబీఎస్ అన్నీ ఆ ఎత్తుని నమ్ముకునే లెక్కలు కడతాయి.

"ఒక సైజు లావు" అన్నప్పుడు గోడ ఎత్తు చెప్పే ఆ రెండో అంకె సంగతి ఎవరికీ గుర్తుండదు. 185/65 తీసి 205/65 వేయించారనుకోండి. ఎత్తు 647.5 అవుతుంది, నాలుగు శాతం ఎక్కువ. మీటరు 100 చూపిస్తున్నప్పుడు బండి నిజానికి 104 వేగంతో పోతుంటుంది. ఏ గేరులోనైనా బండి కాస్త మందంగా లాగుతుంది, పికప్ పోయిందని మెకానిక్ దగ్గరకి వెళ్తారు, అతను కార్బన్ పట్టిందంటాడు. పెంచి తీరాలంటే 195/55 ఆర్16 లాంటిది చూసుకోవాలి, దాని ఎత్తు 620.9. కానీ గోడ పల్చబడింది కాబట్టి గుంతలో పడితే దెబ్బ నేరుగా రిమ్ముకి తగులుతుంది. టైరు పక్కన నిమ్మకాయంత ఉబ్బు కనిపించిందంటే లోపలి దారాలు తెగిపోయినట్టే. దానికి పంక్చర్ షాపులో వైద్యం లేదు, మార్చేయాల్సిందే.

బైకుల్లో ఈ మోజు ఇంకా ఎక్కువ. సన్నటి రిమ్ముకి లావు టైరు ఎక్కిస్తే దాని అంచులు లోపలికి నొక్కుకుపోయి నడుమ కూచిగా తయారవుతుంది. బండి మలుపులో మొరాయిస్తుంది, మైలేజీ పడిపోతుంది, వెనక చక్రమైతే చెయిన్ కవరుకి రాసుకోవచ్చు కూడా. ఇంతా చేస్తే మిగిలేది వెనకనుంచి చూసేవాళ్లకి బావుండటం ఒక్కటే. మామూలు బైకు టైరు మీద 80/100-18 అని ఆర్ బదులు గీత కనిపిస్తే అది రేడియల్ కాదని అర్థం. లోపలి దారాలు ఏటవాలుగా ఒకదాని మీద ఒకటి అడ్డంగా వెళ్లే పాత పద్ధతి అది. దారాలు నిట్టనిలువుగా వెళ్లి, పైన ఉక్కు తీగల పట్టీ ఉండే రేడియల్ టైరుకి మిషెలిన్ కంపెనీ 1946లో పేటెంట్ తీసుకుని, 1949లో అమ్మకానికి పెట్టింది.

గాలి టైరు పుట్టుక కథ అంతకు వందేళ్ల ముందుది. 1845లో స్కాట్లండ్‌వాడైన రాబర్ట్ విలియం థామ్సన్ గాలి నింపిన చక్రానికి పేటెంట్ తీసుకున్నాడు. అప్పటికి కారు లేదు, ఇవాళ మనం తొక్కే సైకిలూ లేదు. గుర్రపు బండికి బిగించి లండన్‌లోని రీజెంట్స్ పార్కులో తిప్పి చూపించాడు. జనం చూశారు, మరిచిపోయారు. నలభై ఏళ్ల తర్వాత బెల్‌ఫాస్ట్‌లో పశువైద్యుడు జాన్ బాయిడ్ డన్‌లప్ తన కొడుకు మూడు చక్రాల సైకిలు కుదుపులు తగ్గించడానికి మళ్లీ అదే కనిపెట్టి, 1888లో పేటెంట్ పొందాడు. థామ్సన్ పేటెంట్ బయటపడి డన్‌లప్‌ది చెల్లకుండా పోయినా పేరు మాత్రం డన్‌లప్‌కే నిలిచింది. ఇవాళ టైర్లు మన ఊళ్ల పక్కనే తయారవుతున్నాయి: సదాశివపేటలో ఎమ్మారెఫ్, చిన్నపాండూరులో అపోలో, అచ్యుతాపురంలో ట్రాక్టర్ల, భారీ యంత్రాల టైర్లు చేసే యోకోహామా.

ఎండాకాలం వస్తే మరో నమ్మకం బయటికొస్తుంది. వేడికి గాలి వ్యాకోచిస్తుంది కాబట్టి రెండు మూడు పాయింట్లు తక్కువ కొట్టించాలని. మొదటి సగం నిజమే. 30 డిగ్రీల దగ్గర 32 పీఎస్‌ఐ ఉన్న టైరు హైవే మీద 60 డిగ్రీలకి వేడెక్కితే ఒత్తిడి దాదాపు 36.5కి చేరుతుంది. టైరు తయారుచేసినవాళ్లకి ఆ సంగతి తెలుసు, గోడ మీద రాసే గరిష్ఠ ఒత్తిడి చాలా కార్ల టైర్లకి 44 గానీ 51 గానీ ఉంటుంది. తిరకాసు రెండో సగంలో ఉంది. గాలి తక్కువైతే టైరు గోడ తిరిగిన ప్రతిసారీ ఎక్కువగా మడత పడి లేస్తుంది. రబ్బరు మడిచినప్పుడు పట్టిన శక్తినంతా తిరిగి ఇవ్వదు, కొంత వేడిగా మిగుల్చుకుంటుంది. గంటకి 100 కిలోమీటర్ల వేగంలో ఆ మడత సెకనుకి సుమారు 14 సార్లు. రెంటచింతల ఎండలో, నలుగురు మనుషులూ సామానూ ఎక్కిన కారులో, అలా గంటసేపు పోతే లోపలి పొరలు విడిపోయే వేడి పుడుతుంది. టైరు పేలడానికి ఎక్కువ గాలి కంటే తక్కువ గాలే పెద్ద కారణం. ఎంత గాలి ఉండాలో డ్రైవరు తలుపు తీస్తే కనిపించే స్టిక్కరు మీద ఉంటుంది. టైరు మీద రాసింది గరిష్ఠం, దాన్ని చూసి కొట్టించకూడదు. చూసుకోవాల్సింది పొద్దున్నే, బండి కదలకముందు.

నైట్రోజన్ ఎక్కించాలా అంటే, మామూలు గాలిలో అది ఇప్పటికే 78 శాతం ఉంది. మిగతా కాస్త కోసం డబ్బులు పెట్టేవాళ్లు పెట్టుకోవచ్చు, వారానికోసారి గేజీ పెట్టి చూసే పని మాత్రం తప్పదు.

కొనేటప్పుడు షాపులో అడగాల్సింది తయారీ తేదీ. గోడ మీద కోడి గుడ్డు ఆకారపు చట్రంలో నాలుగంకెలుంటాయి. 2324 అని ఉంటే 2024లో 23వ వారం. గాట్లు నవనవలాడుతున్నా గాలిలోని ఆక్సిజన్, ఓజోన్ రబ్బరుని పెళుసు చేస్తాయి. ఐదేళ్లు దాటిన టైరుని ఏడాదికోసారి పరీక్ష చేయించాలని, పదేళ్ల తర్వాత ఎలా ఉన్నా తీసేయాలని కంపెనీలే చెబుతాయి. రెండే టైర్లు కొంటే వాటిని ఎక్కడ వేయాలన్నది ఇంకో తగువు. ఇంజన్ ముందుంది, తిరిగేవీ ముందు చక్రాలే, కాబట్టి కొత్తవి ముందే అంటారు షాపుల్లో. టైరు కంపెనీలు వెనక వేయమంటాయి. తడి రోడ్డు మీద ముందు టైర్లు జారితే బండి నేరుగా పోతుంది, యాక్సిలరేటరు వదిలితే చాలావరకు దారికొస్తుంది. వెనక టైర్లు జారితే కారు తోక తిప్పుతుంది. దాన్ని సరిచేయడం రేసు డ్రైవర్ల పని, ఆఫీసుకి వెళ్లేవాళ్ల పని కాదు.

అల్లాయ్ చక్రాలు మార్చేవాళ్లు వ్యాసం, అందం చూసి ఊరుకుంటారు. చూడాల్సినవి ఇంకో మూడున్నాయి. బోల్టులు కూర్చున్న వృత్తం కొలత మొదటిది. చాలా చిన్న కార్లకి 4×100, అంటే నాలుగు బోల్టులు, 100 మి.మీ. వృత్తం. హ్యుందాయ్ క్రెటాకి 5×114.3. రెండోది ఈటీ అని రాసే ఆఫ్‌సెట్. అది తగ్గితే చక్రం బయటికి పొడుచుకొచ్చి బేరింగ్ మీద భారం పెరుగుతుంది. మూడోది నడిమి రంధ్రం. అది హబ్బు కంటే పెద్దదైతే చక్రం కేవలం బోల్టుల మీదే కూర్చుని, వేగంలో స్టీరింగ్ వణుకుతుంది. ఇక ఉక్కా అల్లాయా అంటే, గుంతల రోడ్డు మీద ఉక్కు రిమ్ము సొట్టపడుతుంది, సుత్తితో తీయొచ్చు. అల్యూమినియం పగులుతుంది.

ఇప్పుడు ఆయిలు దగ్గరికి. 1883లో ఇంగ్లండ్‌లో బోషాంప్ టవర్ అనే ఇంజనీరు రైలు ఇరుసు బేరింగుల రాపిడిని కొలుస్తున్నాడు. ఇరుసు కింది భాగం ఆయిల్లో మునిగి తిరుగుతోంది, బేరింగు దాని పైన బరువుతో కూర్చుంది. ఆయిలు పోయడానికని బేరింగు నెత్తిన ఒక రంధ్రం చేశాడు. యంత్రం తిప్పగానే లోపలికి పోవాల్సిన ఆయిలు ఆ రంధ్రంలోంచి పైకి ఉబికింది. బిరడా కొట్టాడు, అది తోసుకుని బయటికొచ్చింది. కర్రముక్క బిగించాడు, అదీ మెల్లగా లేచింది. చివరికి అక్కడ ప్రెషర్ గేజీ పెట్టి చూస్తే ముల్లు 200 పీఎస్‌ఐ దాటిపోయింది. బేరింగు మీద సగటు భారం చూస్తే చదరపు అంగుళానికి 100 పౌండ్లే. అంటే ఇరుసు బేరింగుకి తగలకుండా తేలుతోంది. తిరుగుతున్న ఇరుసు తనతో పాటు ఆయిలుని ఇరుకు సందులోకి ఈడ్చుకెళ్తుంటే అక్కడ పుట్టిన ఒత్తిడి అంత బరువునీ ఎత్తిపట్టింది. 1886లో ఆస్బోర్న్ రెనాల్డ్స్ దీనికి గణితం రాశాడు. ఇవాళ ప్రతి కారు ఇంజన్లోనూ క్రాంక్‌షాఫ్ట్ నడిచేది ఆ సమీకరణం మీదే. ఆ ఆయిలు పొర మందం కొన్ని మైక్రాన్లు. మనిషి వెంట్రుక 70 మైక్రాన్ల దాకా ఉంటుంది.

మరి ఆ పొర నిలవాలంటే ఆయిలు చిక్కగా ఉండొద్దా? ఉండాలి, కావలసినంత. ఎక్కువ చిక్కనైతే పంపు దాన్ని లాగలేదు, పొద్దున్నే స్టార్ట్ చేసిన మొదటి క్షణాల్లో పైనున్న క్యామ్ దాకా చేరడానికి ఆలస్యమవుతుంది. తనలో తను రాసుకుని వేడెక్కుతుంది, మైలేజీ తింటుంది. డబ్బా మీద 10డబ్ల్యూ-30 అని ఉండేది ఈ తూకం కోసమే. రెండో అంకె 30 వేడెక్కాక ఉండే చిక్కదనం, 100 డిగ్రీల దగ్గర కొలిచింది. ముందున్న 10డబ్ల్యూ చలికాలపు కొలత, దాని పరీక్ష జరిగేది మైనస్ 25 డిగ్రీల దగ్గర. లంబసింగిలో కూడా ఆ చలి రాదు. 2019 జనవరి ఆఖర్లో మైనస్ 30 చూసిన చికాగోలో ఉండే తెలుగువాళ్లకి మాత్రం అది 0 కావాలో 5 కావాలో తేల్చుకోవాల్సిన అంకె. వాళ్లు శీతాకాలం టైర్లు వేరేగా కొనడానికీ ఇలాంటి కారణమే, 7 డిగ్రీల కిందికి పోతే మామూలు రబ్బరు బిగుసుకుపోయి పట్టు తగ్గుతుంది.

ఒకే ఆయిలు చలికి పల్చగా, వేడికి చిక్కగా ఎలా ఉంటుంది? ఉండదు. ఏ ఆయిలైనా వేడికి పల్చబడాల్సిందే. కాకపోతే అందులో కలిపిన పొడవాటి పాలిమర్ అణువులు చలికి ముడుచుకుని, వెచ్చబడగానే పిల్లిలా ఒళ్లు విరుచుకుంటాయి. అలా చాపుకున్న అణువులు ఒకదానికొకటి అడ్డుపడి పల్చబడటాన్ని తగ్గిస్తాయి. అయినా మామూలు 10డబ్ల్యూ-30 ఆయిలు 40 డిగ్రీల దగ్గర ఉన్న చిక్కదనంలో 100 డిగ్రీలకి వచ్చేసరికి ఆరో వంతో ఏడో వంతో మిగులుతుంది. 'మన ఎండలకి' అన్న మాట ఇక్కడే తేలిపోతుంది. బయట 45 డిగ్రీలున్నా ఇంజన్‌కి అది చలే. నీటితో చల్లబడే కారు ఇంజన్లో థర్మోస్టాట్ ఉంటుంది, బయట ఎండైనా వానైనా అది నీటిని 90 డిగ్రీల చుట్టుపక్కలే ఉంచుతుంది. గాలికి చల్లబడే బైకుల విషయంలో ఆటోనగర్ మాటలో కొంత నిజముంది. మే నెల మధ్యాహ్నం సిగ్నళ్ల దగ్గర ఆగి ఆగి పోయే బైకులో ఆయిలు నిజంగానే ఎక్కువ కాగుతుంది. అలాంటప్పుడు ఏ ఉష్ణోగ్రతకి ఏ గ్రేడు వాడొచ్చో మాన్యువల్లోనే ఇస్తారు, ఆ గీతల మధ్య ఉంటే చాలు.

గ్రేడు కంటే ఎక్కువమందిని దెబ్బకొట్టేది ఇంకో అక్షరాల జంట: జాసో ఎంఏ, జాసో ఎంబీ. కారు ఇంజన్ ఆయిలు ఇంజన్‌కి మాత్రమే. మామూలు బైకులో ఇంజన్, గేర్లు, క్లచ్ ప్లేట్లు అన్నీ ఒకే ఆయిల్లో మునిగి ఉంటాయి. కారు ఆయిల్లో మైలేజీ కోసం జారుడు పెంచే రసాయనాలు కలుపుతారు. ఇంట్లో కారు సర్వీసింగులో మిగిలిన ఖరీదైన సింథటిక్ ఆయిలు వృథా అవుతుందని బైకులో పోస్తే అవే రసాయనాలు క్లచ్ ప్లేట్ల మధ్య చేరతాయి. యాక్సిలరేటరు ఇస్తే ఇంజన్ అరుస్తుంది, బండి కదలదు. జపాన్ వాహన ప్రమాణాల సంస్థ 1998లో ఈ గుర్తులు తెచ్చింది అందుకే. గేర్ల బైకుకి ఎంఏ గానీ ఎంఏ2 గానీ చూసుకోవాలి. స్కూటర్లో క్లచ్ ఆయిల్లో ఉండదు, దానికి ఎంబీ. స్కూటరు వెనక చక్రం దగ్గర గేరు ఆయిలు అని కొంచెం వేరేగా ఉంటుంది, దాన్ని ఏళ్ల తరబడి మార్చనివాళ్లే ఎక్కువ. బీఎస్6 డీజిల్ కార్లకి మరో జాగ్రత్త. పొగలోని మసిని పట్టే ఫిల్టరుంటుంది కాబట్టి బూడిద తక్కువ మిగిల్చే ఆయిలే పోయాలి. మసి కాలిపోతుంది గానీ ఆయిలు బూడిద కాలదు, ఫిల్టరులోనే పేరుకుంటుంది.

ఎన్నాళ్లకి మార్చాలి? చాలా కార్ల కంపెనీలు 10,000 కిలోమీటర్లు లేదా ఏడాది, ఏది ముందైతే అది అంటాయి. 'ఏడాది' అన్న మాటని జనం లెక్కచేయరు, బండి తిరగందే ఆయిలు ఎలా పాడవుతుందని. లీటరు పెట్రోలు మండితే ఇంచుమించు లీటరు నీళ్లు పుడతాయి. చాలావరకు ఆవిరై సైలెన్సరులోంచి పోతుంది, కొద్దిగా పిస్టన్ రింగుల సందుల్లోంచి కిందికి దిగి ఆయిల్లో కలుస్తుంది. బండి దూరం పోతే వేడికి ఆ తేమ ఆవిరైపోతుంది. ఇంటినుంచి కూరగాయల బజారుకి, బజారునుంచి ఇంటికి తిరిగే బండిలో ఇంజన్ వేడెక్కే లోపే ప్రయాణం అయిపోతుంది, నీళ్లూ పెట్రోలూ అందులోనే మిగిలిపోతాయి. ఆయిలు మూత తీస్తే దాని లోపలి వైపు తెల్లటి నురగ కట్టి ఉంటుంది. ఆయిలు నల్లబడిందని భయపడాల్సిన పని మాత్రం లేదు. ఆయిల్లో కలిపిన శుభ్రపరిచే రసాయనాలు మసిని పట్టి తమలో తేల్చి ఉంచితే అది నల్లబడుతుంది. డీజిల్ బండిలో కొత్తగా పోసిన ఆయిలు కొద్దిరోజులకే నల్లగా మారుతుంది.

కారు ఆయిలు ఇంట్లో మార్చడం కుదురుతుంది గానీ కిందికి దూరాలి. జాకీ ఒక్కదాన్నే నమ్ముకుని కారు కిందకి వెళ్లడం ప్రాణాల మీదకి తెచ్చుకోవడమే, స్టాండ్లు లేనివాళ్లు ఆ పని గ్యారేజీకి వదిలేయాలి. బైకు అలా కాదు. అపార్టుమెంటు సెల్లార్‌లో ఆదివారం పొద్దున్న గంటలో అయిపోయే పని అది.

ఇంజన్‌ని ఐదు నిమిషాలు నడిపి ఆపుతారు. గోరువెచ్చని ఆయిలు పల్చగా కారుతుంది, అడుగున పేరుకున్న మసినీ వెంట తెస్తుంది. మెయిన్ స్టాండు వేసి, కింద పాత టబ్బు పెట్టి, ముందు పైన ఆయిలు పోసే మూత వదులు చేస్తారు. కింద బోల్టు ఊడదీశాక పైమూత రాకపోతే చాలా ఇబ్బంది. చాలా బైకులకి పదిహేడు నంబరు రింగు పానా సరిపోతుంది. బోల్టు చివరి మరల దగ్గరికి వచ్చేసరికి చేత్తో లోపలికి నొక్కిపట్టి తిప్పి, ఒక్కసారిగా పక్కకి లాగాలి. లేదంటే బోల్టు టబ్బులో, ఆయిలు మోచేతి దాకా. ధార సన్నబడి చుక్కలయ్యేదాకా ఆగాలి. ఈలోగా బోల్టుకున్న వాచరు చూడాలి. అది మెత్తటి రాగిదో అల్యూమినియందో అయి, బిగించినప్పుడు నలిగి సందు మూసేది. ఒకసారి నలిగినది మళ్లీ సరిగా నలగదు, అందుకే కొత్తది వేయాలి. దాని ఖరీదు టీ ఖరీదు కూడా ఉండదు, అయినా దాన్ని మార్చే మెకానిక్ అరుదు.

పనంతా చెడేది బోల్టు తిరిగి బిగించేటప్పుడే. బోల్టు ఉక్కు, అది దిగే ఇంజన్ అడుగు అల్యూమినియం. చాలా బైకులకి మాన్యువల్ చెప్పే బిగింపు 25 నుంచి 30 న్యూటన్ మీటర్ల దగ్గర ఉంటుంది. పావు మీటరు పొడవున్న పానా చివర పది కిలోల బలం పెడితే 25 వచ్చేస్తుంది. ఆయిలు కారుతుందేమోనన్న భయంతో పానా మీద కాలు పెట్టి తొక్కేవాళ్లుంటారు. మర చెరిగిపోతే ఐదు వందలతో అయ్యే పని లేతు షాపు దాకా పోతుంది. బోల్టుని మొదట నాలుగైదు చుట్లు చేత్తోనే తిప్పాలి, అలా నున్నగా దిగకపోతే వంకరగా పట్టిందని లెక్క, వెనక్కి తీయాల్సిందే. విడి ఫిల్టరున్న బండికైతే ఇంకో జాగ్రత్త: పాత ఫిల్టరు రబ్బరు రింగు ఇంజన్‌కే అతుక్కుని ఉండిపోయిందేమో వేలితో తడిమి చూడాలి. రెండు రింగులు ఒకదాని మీద ఒకటి పడితే స్టార్ట్ చేసిన కాసేపట్లో ఆయిలంతా సెల్లార్ నేల మీద ఉంటుంది.

పోసేటప్పుడు డబ్బా ఖాళీ చేయాలన్న తొందర వద్దు. లీటరు డబ్బా కొన్నంత మాత్రాన బండికి లీటరు పట్టాలని లేదు. చాలా స్కూటర్లకి అంతకంటే బాగా తక్కువే కావాలి. ఎక్కువైతే క్రాంక్ ఆయిల్లో మునిగి చిలుకుతుంది, నురగ వస్తుంది. నురగలో ఉన్నది గాలి బుడగలు, టవర్ గేజీలో కనిపించిన ఒత్తిడిని అవి నిలబెట్టలేవు. ఇంజన్ ఒక నిమిషం నడిపి, ఆపి, మూడు నిమిషాలు ఆగి డిప్‌స్టిక్ చూడాలి. దాన్ని మరలో బిగించి చూడాలా, ఊరికే ఆనించి చూడాలా అన్నది బండిని బట్టి మారుతుంది. చాలా బైకులకి ఊరికే ఆనిస్తే చాలు.

టబ్బులో మిగిలిన నల్లటి ఆయిలు సంగతి ఎవరూ మాట్లాడరు. మన ఊళ్లలో దానికి గిరాకీ ఎప్పుడూ ఉంది: స్లాబు పోసే ముందు సెంట్రింగ్ రేకులకి రాస్తారు, చెద పట్టకుండా దూలాలకి పూస్తారు. అవేవీ లేకపోతే కాలవలో పోస్తారు. వాడిన ఆయిల్లో అరిగిన లోహపు పొడి, మండిన పెట్రోలు వదిలిన క్యాన్సర్ కారకాలు ఉంటాయి, చట్టం దాన్ని ప్రమాదకర వ్యర్థంగానే చూస్తుంది. ఒక గ్యాలన్ వాడిన ఆయిలు పది లక్షల గ్యాలన్ల మంచినీటిని పాడుచేయగలదని అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ చెబుతోంది. అదే సంస్థ చెప్పే ఇంకో లెక్క కూడా ఉంది. రెండున్నర క్వార్టుల కొత్త లూబ్రికెంట్ తీయడానికి 42 గ్యాలన్ల ముడిచమురు కావాలి, వాడిన ఆయిలైతే ఒక్క గ్యాలన్ చాలు. ఆయిలు అరిగిపోదు, మురికవుతుంది, అందులోని రసాయనాలు ఖర్చయిపోతాయి, అంతే. శుద్ధి చేసి మళ్లీ రసాయనాలు కలిపితే తిరిగి డబ్బాలోకి ఎక్కుతుంది. మన దేశంలో 2024 ఏప్రిల్ 1 నుంచి వాడిన ఆయిలుని వెనక్కి రప్పించి రీసైకిల్ చేయించే బాధ్యతని ఆయిలు కంపెనీల మీదే పెట్టారు. కాబట్టి చేయాల్సింది కొంచెమే. చల్లారాక గరాటు పెట్టి కొత్త ఆయిలు వచ్చిన డబ్బాలోకే వంపాలి. అందులో కూలెంట్, థిన్నర్, నీళ్లు లాంటివేవీ కలవకూడదు, కలిస్తే శుద్ధికి పనికిరాదు. సర్వీస్ సెంటర్లోనో, రీసైక్లింగ్‌వాళ్లు వచ్చి పట్టుకెళ్లే డ్రమ్ము పెట్టిన మెకానిక్ దగ్గరో దాన్ని ఒంపేసి రావాలి. ఖాళీ డబ్బాని మాత్రం అక్కడ వదలకుండా అడ్డంగా కోసేయాలి, ఎందుకంటే బ్రాండు పేరు చెదరని డబ్బాలు నకిలీ ఆయిలు నింపేవాళ్ల దగ్గర మంచి ధర పలుకుతాయి.